అమెరికా కళాశాలల్లో ఆటలు: విద్యార్థుల చేతి నుంచి యాజమాన్యాల చేతికి (1852–1906)

మన కళాశాలల్లో ఆటల ఫీజు, ఆటస్థలం, ఫిజికల్ డైరెక్టరు అన్నీ కళాశాల ఏర్పాట్లే. అందువల్ల ఎక్కడైనా, ఎప్పుడైనా ఆటలు ఇలాగే నడిచాయనుకుంటాం. అమెరికాలో జరిగింది వేరు. అక్కడ కళాశాలల మధ్య పోటీలు మొదలుపెట్టినవారూ, నడిపినవారూ విద్యార్థులే. అవి వారి చేయి ఎలా దాటిపోయాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

19వ శతాబ్దం మధ్యలో అక్కడి కళాశాల జీవితం కట్టుదిట్టంగా ఉండేది. ఉదయాన్నే ప్రార్థనకు హాజరు కావడం తప్పనిసరి. తరగతిలో లాటిన్, గ్రీకు పాఠాలు అప్పజెప్పాలి; చదువంటే చాలావరకు అదే. ఇటువంటి దినచర్యలో విద్యార్థులు తమకంటూ కల్పించుకున్న చోటు ఆటస్థలం. అధ్యాపకులు మొదట్లో దాని జోలికి పోలేదు.

1852 ఆగస్టులో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఒక సరస్సుపై హార్వర్డ్, యేల్ విద్యార్థులు పడవ పందెం వేసుకున్నారు. హార్వర్డ్ గెలిచింది. అమెరికాలో కళాశాలల మధ్య జరిగిన తొలి పోటీ ఇదే. విద్యార్థుల ఖర్చులు భరించింది మాత్రం ఒక రైల్వే కంపెనీ. పందెం చూడటానికి జనం తమ రైలెక్కి వస్తారని దాని లెక్క. స్వచ్ఛమైన ఆటల్లోకి డబ్బు తర్వాతెప్పుడో చొరబడిందని రాసేవారు ఈ రైలు సంగతి మరచిపోతుంటారు.

1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు జట్టుకు 25 మంది చొప్పున ఫుట్‌బాల్ ఆడారు. రట్గర్స్ 6–4తో గెలిచింది. అప్పటికది బంతిని కాలితో తన్నే ఆటే. తర్వాతి దశాబ్దంలో రగ్బీ ప్రభావంతో, బంతిని చేతపట్టి పరుగెత్తే ఆటగా మారింది. అమెరికాలో నేటికీ ఫుట్‌బాల్ అంటే ఇదే. మనం ఆడేదాన్ని వారు సాకర్ అంటారు. జట్టు కెప్టెన్‌ను సహచరులే ఎన్నుకునేవారు. జట్టుపై అతనిదే పెత్తనం. చందాలు, టికెట్ల లెక్కలు విద్యార్థి మేనేజరు చూసేవాడు.

1890ల నాటికి న్యూయార్క్‌లో జరిగే యేల్–ప్రిన్స్‌టన్ ఆటకు వేల సంఖ్యలో జనం వచ్చేవారు. పెద్ద మొత్తాలు చేతులు మారడంతో పూర్వ విద్యార్థుల జోక్యం పెరిగింది. 1905లో హార్వర్డ్ 26 ఏళ్ల బిల్ రీడ్‌ను కోచ్‌గా తెచ్చుకుంది. జీతం 7,000 డాలర్లు, అందులో కొంత పూర్వ విద్యార్థులు సమకూర్చినది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ జీతానికి అది దరిదాపుగా ఉండేది. ఆ ఎలియట్ ఈ ఆటను బాహాటంగా నిరసించినవాడు కావడం విడ్డూరం.

ఆట మొరటుతనం కూడా పెరిగింది. 1892లో యేల్‌పై హార్వర్డ్ ఒక ఎత్తు వేసింది: ఆటగాళ్లు బాణం మొన ఆకారంలో గుమిగూడి, పరుగున వచ్చి, ఎదుటి జట్టులో ఒక్కడి మీద పడటం. 1905లో ఈ ఆట వల్ల 18 మంది మరణించినట్లు 'షికాగో ట్రిబ్యూన్' లెక్క కట్టింది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. వారిలో ఎక్కువమంది పాఠశాలల పిల్లలు. కళాశాల ఆటగాళ్లు ముగ్గురే. జనాగ్రహం మాత్రం పెద్ద విశ్వవిద్యాలయాల మీదికి మళ్లింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అక్టోబరు 9న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. నవంబరు 25న న్యూయార్క్ విశ్వవిద్యాలయంతో ఆడుతూ యూనియన్ కళాశాల విద్యార్థి ఒకడు దెబ్బ తగిలి చనిపోయాడు.

ఆ తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయం చాన్సలర్ హెన్రీ మెక్‌క్రాకెన్ చొరవ తీసుకున్నాడు. డిసెంబరు 28న 62 కళాశాలల ప్రతినిధులు సమావేశమై ఉమ్మడి సంఘానికి పునాది వేశారు. 1910లో దానికి జాతీయ కళాశాలల క్రీడాసంఘం అని పేరు మార్చారు. 1906లో బంతిని ముందుకు విసరడానికి అనుమతిస్తూ నిబంధనలు సవరించారు. గుంపుగా తోసుకోవడం తగ్గాలన్నది ఉద్దేశం. నియమాలు, అర్హతలు నిర్ణయించే పని క్రమంగా సంఘాలకు, అధ్యాపకుల కమిటీలకు చేరింది. కెప్టెన్ పెత్తనం కోచ్‌కు దక్కింది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కొన్నేళ్లపాటు రగ్బీకి మారాయి. ఆటను పూర్తిగా రద్దు చేసిన కొలంబియా, 1915లో మళ్లీ మొదలుపెట్టింది.