మాంట్రియల్ చేరిన గజదొంగ

రెండేళ్ళ క్రితం చలికాలం సెలవుల్లో బేస్‌మెంట్ సర్దుతుంటే నా పాత సీడీల డబ్బా బయటపడింది. అందులో ‘థీఫ్’ ఉంది. 1998 చివర్లో వచ్చిన వీడియో గేము. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో రాత్రుళ్ళు మేలుకుని ఆడింది. మా అబ్బాయికప్పుడు పదహారేళ్ళు. “దొంగతనం గేమా? నువ్వు ఆడేవాడివా నాన్నా?” అని అదోలా చూశాడు. కొత్త కంప్యూటర్లో ఆ సీడీ వేస్తే నడవలేదు.

ఆ రోజుల్లో గేమంటే తుపాకీ పట్టుకుని కనబడ్డవాణ్ణల్లా కాల్చడమే. మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ అనే కంపెనీ దాన్ని తిరగేసింది. ఇందులో కథానాయకుడు గారెట్ గజదొంగ. ఎదురుపడి పోట్లాడితే సాధారణంగా ఓడిపోతాడు. అన్నిటికంటే కష్టమైన స్థాయిలో ఆడితే మనిషిని చంపడానికే వీల్లేదు. తెర అడుగున ఒక మణి ఉంటుంది. మనం వెలుగులో ఉంటే మెరుస్తుంది, చీకట్లోకి జరిగితే నల్లబడుతుంది. నీటి బాణం వేస్తే దివిటీ ఆరిపోతుంది. తివాసీ మీద అడుగు వినపడదు, ఇనుప పలక మీద ఖంగుమంటుంది. అప్పుడు నాచు బాణం వేసి నేలని మెత్తబరుచుకోవాలి. చప్పుడు గోడల్లోంచి దూసుకుపోకుండా, గదినించి గదికి తలుపుల గుండా వెళ్ళేట్టు వాళ్ళు లెక్కకట్టారు. ఇన్నేళ్ళు ప్రోగ్రాములు రాశాక కూడా నాకు అబ్బురమనిపించేది ఆ లెక్కే.

ఇదంతా అమెరికావాళ్ళ కొత్త తెలివి అనుకునేవాణ్ణి. తరవాత దండి ‘దశకుమార చరిత్ర’ చదివాను. (13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చింది దీన్నే.) అందులో అపహారవర్మ చంపానగరంలో కన్నం వెయ్యడానికి పట్టుకెళ్ళే సరంజామా చూడండి: తవ్వుకోల, పట్టకారు, కొలతాడు, మోకు, కన్నంలోంచి ముందుగా దూర్చి చూడటానికి మనిషి తలలాంటి బొమ్మ, ఒక భరిణెలో పురుగులు. పురుగులెందుకంటే, దీపం ఆర్పడానికి! శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడూ పురుగునే వదుల్తాడు. కొలతాడు మర్చిపోయి జంధ్యంతో కన్నం కొలుస్తాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్ళు పోస్తూ, ఆ నీళ్ళు నేలమీద పడి చప్పుడవుతాయేమోనని హడలిపోతాడు. అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారని అనబోవడం లేదు, ఆ జబ్బు మన సభల్లో ఎలాగూ ఉంది. దొంగ ఏ దేశం వాడైనా చూసుకోవలసినవి వెలుగూ చప్పుడే. అపహారవర్మ తాను కర్ణీసుతుడు చెప్పిన దారి పట్టానంటాడు. ఆ కర్ణీసుతుడి చౌర్యశాస్త్రం మనకి దక్కలేదు. కథల్లో ఇరుక్కున్న ముక్కలే మిగిలాయి.

లుకింగ్ గ్లాస్‌కీ అదే గతి పట్టబోయింది. 2000లో రెండో భాగం వచ్చిన కొద్ది నెలలకే, మేలో, కంపెనీ మూతబడింది. మూడో భాగం 2004లో టెక్సస్‌లో అయాన్ స్టార్మ్ చేసింది. మరుసటేడు అదీ మూతబడింది. హక్కులున్న ఐడాస్ 2007లో మన మాంట్రియల్‌లో స్టూడియో తెరిచింది. క్వెబెక్ ప్రభుత్వం పన్ను రాయితీలతో గేము కంపెనీలని రప్పిస్తున్న కాలం అది. 1997లోనే వచ్చిన యూబీసాఫ్ట్ ఇక్కడే 2002లో ‘స్ప్లింటర్ సెల్’ చేసి, చీకట్లో నక్కే ఆటకి ఈ ఊరిని పుట్టిల్లంత చేసింది. 2014 ఫిబ్రవరిలో నాలుగో ‘థీఫ్’ ఇక్కడినుంచే వచ్చింది. మంచులో వెళ్ళి మొదటి వారమే కొన్నాను. బొమ్మలు బ్రహ్మాండం. కానీ తాడు బాణం వాళ్ళు ముందే గుర్తుపెట్టిన చోటే దిగుతుంది. పాత ఆటలో చెక్క కనబడితే చాలు, ఎక్కడైనా వేసి ఎగబాకేవాళ్ళం. మూడు ఆటల్లో గారెట్‌కి గొంతిచ్చిన స్టీఫెన్ రసెల్‌ని కూడా మార్చేశారు. నాకది పరాయి మనిషిలా అనిపించింది. అక్కడ పనిచేసినవాళ్ళని తప్పుపట్టను. 2022లో ఆ స్టూడియోని ఎంబ్రేసర్‌కి అమ్మేశారు, 2024 జనవరిలో 97 మందిని తీసేశారు.

నా మొదటి ఉద్యోగంలో ఆరేళ్ళు రాసిన కోడు ఇప్పుడెక్కడా లేదు. కంపెనీని ఎవరో కొన్నారు, ఒక శుక్రవారం సర్వర్లు ఆపేశారు. అడగడానికి మనిషి కూడా మిగల్లేదు. అందుకే 2012లో జరిగింది నాకు వార్తలా కాక కబురులా తోచింది. పేరు చెప్పని ప్రోగ్రామరు ఒకరు పాత ‘థీఫ్’ ఇంజన్ని కొత్త కంప్యూటర్లలో నడిచేట్టు సరిదిద్ది, ఊరికే జనానికి వదిలేశారు. డబ్బూ లేదు, పేరూ లేదు. అభిమానులు ఆ ఆట కోసం వందలకొద్దీ కొత్త ఇళ్ళూ కోటలూ కట్టిపెట్టారు, దోచుకోమని.

ఆ సవరణ ఎక్కిస్తే మా సీడీ నడిచింది. వాడు మొదటి గంటలో నాలుగుసార్లు పట్టుబడ్డాడు. “కత్తి ఇచ్చి వాడొద్దంటాడేంటి?” అని విసుక్కున్నాడు. నేను పైకొచ్చి కాఫీ పెట్టుకున్నాను. కప్పు పట్టుకుని మళ్ళీ కిందికి దిగేసరికి లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి.

“మెట్ల మీద అడుగు మెల్లిగా వెయ్యి నాన్నా. కాపలావాడు దగ్గర్లోనే ఉన్నాడు.”