ఇంజన్ కింద దాగిన నీళ్లు

1931లో ప్లిమత్ కారు కొత్త మోడల్ తయారవగానే ఆ కంపెనీ అధిపతి వాల్టర్ క్రైస్లర్ దాన్ని తనే నడుపుకుంటూ పోటీదారు హెన్రీ ఫోర్డ్ దగ్గరికి వెళ్లాడట. ఎక్కించి తిప్పి, కారును అక్కడే వదిలేసి టాక్సీలో ఇంటికొచ్చాడని చెబుతారు.

అప్పట్లో నాలుగు సిలిండర్ల బండంటే ఒళ్లంతా వణికించేది. ఈ ప్లిమత్ మాత్రం అలా వణికించలేదు. క్రైస్లర్ ఇంజనీర్లు ఇంజన్‌కు ముందువైపు ఎత్తులో ఒకటి, వెనక గేర్‌బాక్స్ కింద ఒకటి రబ్బరు మౌంటులు, అంటే ఇంజన్‌ను మోసే దిమ్మలు పెట్టారు. ఆ రెండింటినీ కలిపే గీత సరిగ్గా ఇంజన్ గరిమనాభి గుండా పోతుంది. ఇంజన్ దాని చుట్టూ తన పాటికి తాను ఊగుతుంది, ఆ ఊపు బాడీదాకా రాదు. పేరు ‘ఫ్లోటింగ్ పవర్’. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ హక్కులు కొని, హంస బొమ్మతో ప్రచారం చేసుకుంది.

అసలు తలనొప్పి రబ్బరును లోహానికి అతికించడం. అమెరికాలోని ఈరీ పట్టణంలో హ్యూ లార్డ్ అనే పేటెంట్ల లాయరు 1924లో పెట్టిన కంపెనీ ఈ పని మీదే పెరిగింది. ఉక్కు ముక్కను జిడ్డు పోయేలా కడిగి, గరుకు చేసి, ప్రైమరు, జిగురు పూసి అచ్చులో పెడతారు. రబ్బరు నింపి సుమారు 160 డిగ్రీల వేడిలో ఉంచితే అది ఉడకడమూ అతుక్కోవడమూ ఒకేసారి అయిపోతాయి. మధ్యలో వేలి జిడ్డు అంటిందా, రేపు ఊడేది అక్కడే.

రబ్బరుతో ఇంకో చిక్కుంది. ఐడ్లింగ్‌లో అది మెత్తగా ఉండాలి, గుంతలో పడ్డప్పుడు ఇంజన్ ఎగరకుండా పట్టి ఉంచాలి. రెండూ ఒక్క ముద్దతో కుదరవు. 1962లో జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ రాస్ముసెన్ ద్రవం నింపిన మౌంటుకు పేటెంటు పొందాడు. కార్లలో అది బాగా వాడుకలోకి వచ్చింది మాత్రం 1980లలోనే.

ఆ మౌంటు లోపల రెండు గదులు, మధ్య పళ్లెంలో చుట్టూ తిరిగే సన్నటి కాలువ, ఒక వదులు పొర. నిండా గ్లైకాల్ కలిపిన నీళ్లు, అంటే దాదాపు రేడియేటర్లో పోసేదే. ఇంజన్ సెకనుకు పదిసార్ల చొప్పున పెద్దగా ఊగితే ఆ నీళ్లు కాలువలో అటూ ఇటూ పరిగెత్తాలి. నాకు ముచ్చటేసేది ఇక్కడే: ఊపును ఆపడంలో ద్రవం చిక్కదనం పాత్ర తక్కువ, ఆ సన్నటి ధారను కదిలించడానికి పట్టే జడత్వానిదే పైచేయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు 750 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో సెకనుకు 25 చిన్న వణుకులు. వాటిని పళ్లెంలోని వదులు పొరే మింగేస్తుంది.

నింపేటప్పుడు గాలి బుడగ చిక్కకూడదు. బుడగ నలుగుతుంది, నీళ్లు కాలువలోకి పోవు. అందుకే కొన్నిచోట్ల మౌంటును ద్రవంలో ముంచే బిగిస్తారు, కొన్నిచోట్ల ముందు గాలి లాగేసి తర్వాత నింపుతారు.

మౌంటు రబ్బరు చిరిగి నీళ్లు కారిపోతే మార్చక తప్పదు. ధర తక్కువని దాని బదులు ఉత్త గట్టి రబ్బరుది వేయించుకుంటే, సిగ్నల్ దగ్గర బండి ఆగగానే స్టీరింగూ సీటూ కలిసి వణుకుతాయి.