శిశువు తన చేత్తో తినడం

గుజ్జు చేసి స్పూనుతో పెట్టకుండా, మెత్తటి ముక్కలు ముందుంచి శిశువునే తీసుకుని తిననిచ్చే తొలి ఘనాహార పద్ధతి. బ్రిటన్‌లో జిల్ రాప్లీ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ట్రేసీ మర్కెట్‌తో కలిసి ఆమె రాసిన పుస్తకం 2008లో వెలువడింది. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ఇళ్లకు ఇది మరీ పరాయిదేమీ కాదు. అన్నప్రాశన నాడు పుస్తకమో కలమో బంగారమో బిడ్డనే పాకి పట్టుకోనిస్తారు. పాయసం దగ్గరికొచ్చేసరికి మాత్రం పెత్తనం పెద్దల వేలిదే. ఆ స్వేచ్ఛను కంచం దాకా తేవడానికి నిలువుగా కోసిన ఇడ్లీ, ఉడికిన చిలగడదుంప చాలు. ఆరు నెలల బిడ్డ పిడికిలితో పడుతుంది కనుక ముక్క పిడికిలి దాటి పైకి రావాలి.

గొంతుకు అడ్డం పడుతుందన్నది అమ్మమ్మల భయం, న్యాయమైనదే. న్యూజిలాండ్‌లో 206 మంది శిశువులపై జరిగిన బ్లిస్ ప్రయోగంలో, తల్లిదండ్రులకు జాగ్రత్తలు నేర్పాక ఆ ప్రమాదం మామూలు పద్ధతి కన్నా పెరగలేదు. అయితే రెండు వర్గాల్లోనూ ప్రమాదకరమైన పదార్థాలు పెట్టినవాళ్లున్నారు. వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష ఎవరు పెట్టినా ముప్పే. ఓకరింత వేరు: దగ్గుతూ, శబ్దం చేస్తున్న బిడ్డ ముక్కను తానే వెనక్కి తోస్తోంది. అసలు బరువైన అభ్యంతరం ఇనుము గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6–59 నెలల పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఇడ్లీ, అరటిపండుతో ఆ లోటు తీరదు. అందుకే ఇక్కడ పూర్తిగా బిడ్డకే వదిలేయడం కన్నా గుడ్డు, మెత్తగా ఉడికించిన మాంసం, పప్పన్నం, అంగన్‌వాడీ బాలామృతం పెద్దలు తినిపిస్తూ, పక్కనే ఒక ముక్క చేతికివ్వడం మేలు.