లిథువేనియా గృహాలంకరణమున జాతీయత (1918–1940)

బాల్టిక్ సముద్రతీరమున నున్న లిథువేనియా చిన్న దేశము. 1795లో అందలి అధికభాగము రష్యా సామ్రాజ్యమున కలిసిపోయెను. 1863 నాటి తిరుగుబాటు నణచిన పిదప, జారు ప్రభుత్వము లిథువేనియను భాషను లాటిను లిపిలో ముద్రింపరాదని శాసించెను. 1864 మొదలు 1904 వఱకు, నలువది యేండ్లు, ఆ శాసనము చెల్లెను. ప్రార్థన పుస్తకములను, పిల్లల వాచకములను సరిహద్దునకు ఆవలనున్న ప్రష్యాలో అచ్చొత్తించి, మూటలుగట్టి, రాత్రివేళల రహస్యముగా మోసికొని వచ్చిరి. తమ భాషలో బడి లేని ఆ కాలమున భాష నిలిచినది పల్లెటూళ్లలోని రైతుల యిండ్లలోనే. ఆ యిండ్లలో భాషతోపాటు మఱియొకటియు నిలిచినది. అది కొయ్యమీదను, బట్టమీదను వారు తీర్చిన నగిషీ.

పెండ్లికూతురు అత్తవారింటికి కొనిపోవు సారె పెట్టె ఇందులకు చక్కని ఉదాహరణము. పెట్టె ముఖమున పూలకుండీ నుండి లేచిన తులిప్ పూలు, లిల్లీలు, పక్షులు, సూర్యబింబములు రంగులతో చిత్రింపబడియుండును. వడకునప్పుడు అవిసెనారను చుట్టియుంచు పలకలపై చుక్కలను, చక్రములను చెక్కుదురు. నడికట్లలో ఎఱుపు, ఆకుపచ్చ దారములతో కోణాకృతులు నేయుదురు. 1907లో విల్నియస్ నగరమున జరిగిన మొదటి లిథువేనియను కళాప్రదర్శనమున చిత్రకారుల పటముల సరసన రైతుల చేతిపనులనుగూడ నుంచిరి. బాటప్రక్కల నాటిన కొయ్యసిలువల చిత్రసంపుటము 1912లో వెలువడెను. పౌలియుస్ గలౌనే జానపదకళపై రచించిన గ్రంథము 1930లో అచ్చయ్యెను. ఇచ్చట నొకమాట చెప్పవలసియున్నది: తులిప్ పూల పెట్టెలు లిథువేనియను జాతికి మాత్రమే చెందినవి కావు. మధ్య ఐరోపాలోని రైతుజనము అనేకచోట్ల వానిని చేసినది. పువ్వు ఒకరి సొత్తు కాదు. దానిని కూర్చిన తీరును, దానికిచ్చిన విలువయు మాత్రమే వారివి.

1918 ఫిబ్రవరి 16న లిథువేనియా స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. కాని 1920 అక్టోబరులో చారిత్రక రాజధానియైన విల్నియస్ పోలిష్ సైన్యముల వశమయ్యెను. కౌనాస్ నగరము 'తాత్కాలిక రాజధాని' యయ్యెను. 1897 జనాభా లెక్కల ప్రకారము ఆ నగరమున లిథువేనియను మాతృభాషగా గలవారు నూటికి ఏడుగురైన లేరు. యూదులు, రష్యనులు, పోలిష్ భాషీయులు అందఱును వారికంటె నెక్కువ. 1923 నాటికి 92,446 మంది జనాభాలో నూటికి 59 మంది లిథువేనియనులైరి. పల్లెలనుండి వచ్చిన రైతుబిడ్డలు ఉద్యోగులై, ఉపాధ్యాయులై, అధికారులై అచ్చట నివాసమేర్పఱచుకొనిరి. వారికి నగరము క్రొత్త. నగరమునకు వారి భాష క్రొత్త. ఏ కుర్చీలో కూర్చుండవలెను, ఏ గోడకు ఏ రంగు వేయవలెను అను ప్రశ్నలు అట్టివారికి వట్టి అలంకార విషయములు కావు.

పూర్వపు గొప్పయిండ్ల తరహాను అనుసరింతమన్న, ఆ యిండ్ల ప్రభువులు శతాబ్దముల తరబడి పోలిష్ భాషనే మాటాడిరి. అందుచేత వీరు తమ తల్లుల సారె పెట్టెలవంక చూచిరి.

మికోలాస్ సొంగైలా రూపొందించిన లిథువేనియా బ్యాంకు భవనము 1928లో పూర్తియయ్యెను. వెలుపల గంభీరమైన గ్రీకు స్తంభములు. లోపలి అలంకరణమున జానపద రూపములకు చోటు లభించెను. ఫెలిక్సాస్ విజ్బారాస్ నిర్మించిన కేంద్ర తపాలా కార్యాలయము ఇంతకంటె ఆసక్తికరమైనది. 1930 తరువాతి సంవత్సరములలో కట్టిన ఆ భవనము పెద్ద కిటికీలతో, నునుపైన గోడలతో నూతన పద్ధతిలో నున్నది. లోపల అడుగిడినవారి పాదముల క్రింద మాత్రము నేతపని నమూనాలను తలపించు పలకలు పఱచిరి. ఉత్తరము వేయవచ్చిన పల్లెవాసి తన యింటి నడికట్టుమీది గుర్తును ప్రభుత్వ కార్యాలయపు నేలపై చూచెను. వెలుపలి గోడలు ఐరోపా పట్టణములతో పోటీపడుచుండగా, నగిషీ క్రమముగా లోపలి గదులలోనికి తరలెను.

గృహోపకరణములలో యోనాస్ ప్రపువొలెనిస్ (1900–1980) పేరు ముఖ్యము. ఆయన చేయించిన బల్లలు, కుర్చీలు బరువైన కొయ్యతో, సరళమైన ఆకృతితో నుండును. చెక్కడపుపని మితముగానే యుండును. 1937 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనమున ఆయన పనికి బంగారు పతకము లభించెను. అదే ప్రదర్శనమున యువొజాస్ మికేనాస్ చెక్కిన 'రూపింతోయేలిస్' విగ్రహమునకు అత్యున్నత పురస్కారము వచ్చెను. చేతిపై తల యానించి చింతాక్రాంతుడై కూర్చున్న క్రీస్తు అది. పల్లెబాటల ప్రక్కనున్న చిన్న కొయ్య గూడులలోని మూర్తియే. ఏ వస్తువుపైనైనను తులిప్ పువ్వు అతికించినంత మాత్రమున జాతీయశైలి కాజాలదని వాదించినవారును ఆ దినములలో లేకపోలేదు. వారి మాట సమంజసమే. ప్రపువొలెనిస్ కుర్చీనుండి నగిషీ తొలగించినను అది కుర్చీగా నిలుచును. అతికింపు పనికి అట్టి బలము లేదు.

ఇంతకును ఈ అలంకారము ఎవరి పక్షమున మాటాడినది? 1923లో కౌనాస్ జనాభాలో నూటికి 27 మంది యూదులు. మధ్యయుగపు ప్రభువైన విటౌటాస్ పేర ఒక సభాగృహము గల సైనికాధికారుల భవనమును 1937లో నిర్మించిరి. దాని ఇంజనీరగు అనతోలియుస్ రొజెన్‌బ్లియుమాస్ యూదుడు. నగరము నిర్మించిన చేతులు అనేకములు. నేలపైని, గోడలపైని గుర్తులు మాత్రము ఒక్క జనసమూహపు పల్లెటూళ్లనుండి వచ్చినవి.

1940 జూనులో సోవియట్ సైన్యములు దేశము నాక్రమించెను. మఱుసటి సంవత్సరము జర్మనులు వచ్చిరి. 1941 అక్టోబరు 29న, ఒక్కదినమున, సుమారు 9,200 మంది కౌనాస్ యూదులను తొమ్మిదవ కోటయొద్ద కాల్చిచంపిరి. భవనములు మిగిలెను. 1919–1939 నాటి కౌనాస్ నిర్మాణములను యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చెను. తపాలా భవనమున్న క్రొత్తపట్టణపు భాగము అందులోనిదే.