అమెరికా అధ్యక్ష ఎన్నికలలో ఓటర్ల పక్షపరివర్తనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్లకొకసారి జరుగు అధ్యక్ష ఎన్నికలలో, ఒక పర్యాయము ఒక పక్షమునకు ఓటు వేసినవారు మరు పర్యాయము ప్రతిపక్షమునకో, మూడవ పక్షమునకో వేయుట పక్షపరివర్తనము. కొత్తగా ఓటుహక్కు పొందినవారి మొగ్గును, ఓటు వేయక మిన్నకుండువారి ఔదాసీన్యమును ఫలితములను తారుమారు చేయగలవే యైనను, అవి వేరు విషయములు.

19వ శతాబ్దపు అధికభాగమున ఈ పరివర్తనము గుట్టుగా జరుగుటకు వీలు లేకుండెను. ప్రభుత్వమే అచ్చొత్తించి యిచ్చు రహస్య బ్యాలెట్టునకై మసాచుసెట్సు రాష్ట్రము 1888లో శాసనము చేయునాటికి, ఓటు చీటీలను పక్షములవారే తమ అభ్యర్థుల పేళ్లతో ముద్రించి పంచుచుండిరి. పలుచోట్ల చీటీ రంగును బట్టియే ఎవరు ఎవరికి వేయుచున్నదియు దూరమునకే తెలియుచుండుటచే, పక్షము మారదలచినవాడు నలుగురి కన్నులయెదుటనే మారవలసివచ్చెడిది. కొందరు చీటీపై ఒక పేరు కొట్టివేసియో, దానిమీద వేరొక పేరుగల కాగితపు ముక్క నంటించియో తమ అసమ్మతిని తెలుపుచుండిరి. 1884లో కార్ల్ షుర్జ్ మొదలగు రిపబ్లికను ప్రముఖులు తమ పక్షపు అభ్యర్థి బ్లెయిను సచ్ఛీలమును శంకించి డెమొక్రాటు క్లీవ్‌లండును బలపరచిరి. వీరికి ‘మగ్‌వంపు’లను పేరు వచ్చెను. 1912లో రిపబ్లికను పక్షము టాఫ్ట్, థియొడోర్ రూజ్‌వెల్టుల మధ్య చీలుటచే డెమొక్రాటు విల్సను సుఖముగా గెలిచెను.

ఈ చరిత్రలో అత్యంత ప్రధానమైన ఘట్టము 1928 మొదలు 1936 వరకు గల ఎనిమిదేండ్ల కాలము. 1928లో డెమొక్రాటిక్ పక్షము న్యూయార్కు గవర్నరును, కాథలిక్ మతస్థుడును, మద్యనిషేధ వ్యతిరేకియు నగు ఆల్ స్మిత్‌ను నిలుపగా, అంతర్యుద్ధానంతర కాలమునుండి ఆ పక్షమునకు కంచుకోటయై యుండిన దక్షిణమునందే టెక్సాసు, ఫ్లోరిడా, వర్జీనియా, ఉత్తర కరోలినా రాష్ట్రములు రిపబ్లికను అభ్యర్థి హూవరును వరించెను. ఉత్తరమున మసాచుసెట్సు, రోడ్ ఐలండు రాష్ట్రములు స్మిత్‌కు దక్కెను. హార్వర్డు ఆచార్యుడు వి. ఓ. కీ 1955లో ప్రకటించిన ఒక వ్యాసమున మసాచుసెట్సులోని రెండు ఊళ్ల లెక్కలను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను: కాథలిక్ కార్మికులు మెండుగా గల సోమర్‌విల్ పట్టణమున డెమొక్రాటిక్ ఓట్లు 1928లో ఉవ్వెత్తున లేచెను, ప్రొటెస్టంటు రైతులుండు ఆష్‌ఫీల్డు గ్రామమున అదే యేట అవి పడిపోయెను. ఆర్థిక మాంద్యము రాకముందే పట్టణ కార్మికులు కదలిరనుటకు ఇంతకంటె సుబోధమైన నిదర్శనము దుర్లభము.

1928లో 40 రాష్ట్రములు గెలిచిన హూవరునకు 1932లో 6 మాత్రమే మిగిలెను. ఆ యేట నల్లజాతి ఓటర్లలో అధికసంఖ్యాకులు, దాస్యవిమోచకుడైన లింకనుదగు రిపబ్లికను పక్షమును ఇంకను విడువలేదు. పిట్స్‌బర్గు కొరియరు పత్రికాధిపతి రాబర్టు వాన్, లింకను ఋణము తీరిపోయినది గనుక ఇంటనున్న ఆయన పటమును గోడవైపు త్రిప్పివేయుడని తనవారికి హితవు చెప్పినది ఆ ఎన్నికల వేళనే. నాలుగేండ్లకు, అనగా 1936లో, వారిలో అత్యధికులు డెమొక్రాటు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టునకు ఓటు వేసిరి. ఆయనకు 523 ఎలక్టొరల్ ఓట్లు రాగా, రిపబ్లికను అభ్యర్థి లాండనునకు మెయిన్, వెర్మాంటు రాష్ట్రముల 8 ఓట్లు వచ్చెను. టెలిఫోను పట్టికలనుండియు, మోటారుకార్ల యజమానుల జాబితాలనుండియు పేళ్లు తీసికొని దాదాపు కోటి నమూనా బ్యాలెట్లను తపాలాలో పంపిన లిటరరీ డైజెస్టు పత్రిక లాండను గెలుపును జోస్యము చెప్పి నవ్వులపాలయ్యెను. అంతకంటె ఎన్నోరెట్లు చిన్న నమూనాతో రూజ్‌వెల్టు గెలుపును ముందే చెప్పిన జార్జి గాలప్ విఖ్యాతుడయ్యెను.

1940లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డు బృందము ఒహాయో రాష్ట్రములోని ఈరీ కౌంటీలో 600 మందిని ఎంచుకొని, మే మొదలు నవంబరు వరకు నెలనెలయు వారి యిండ్లకే పోయి ప్రశ్నించెను. ప్రచారకాలమున ఒక పక్షమునుండి మరొకదానికి దాటినవారు బహు స్వల్పులనియు, వారును రాజకీయములందు ఆసక్తి తక్కువగలవారే యనియు తేలెను. పక్షాభిమానము మతమువలె ఇంటనుండియే సంక్రమించునని మిషిగను విశ్వవిద్యాలయ పండితులు 1960లో సిద్ధాంతీకరించిరి. ఈ రెండింటి ఫలితముగా, పక్షము మార్చువాడు చపలుడును అజ్ఞుడును అను భావము విద్వాంసులలో నాటుకొనెను.

ఆ భావమును ఖండించినవాడు కీయే. తన గ్రంథమున 1936 మొదలు 1960 వరకు జరిగిన గాలప్ సర్వేలను పరిశీలించి, ఓటర్లను పట్టువిడువనివారు, పక్షము మార్చినవారు, కొత్తవారు అని మూడు తెగలుగా విభజించెను. వ్యాపారముపై ప్రభుత్వ నియంత్రణము, వ్యవసాయ సాహాయ్యము మొదలగు విషయములలో ఎవరి అభిప్రాయము ఎటున్నదో, పక్షము మార్చినవారు చాలవరకు అటువైపే కదలిరని ఆయన నిరూపించెను. గడచిన ఎన్నికలో ఎవరికి వేసితిరని అడిగినచో గెలిచినవాని పేరే చెప్పు జనస్వభావము ఈ లెక్కలను కొంత వక్రీకరించు మాట వాస్తవమే. ఐనను సాధారణ పౌరుని వివేకమునందు గౌరవముంచిన ఈ గ్రంథము సమగ్రమైన వాదముతో కూడినట్టిది. కీ 1963లో మరణింపగా, అది 1966లో ప్రకటితమయ్యెను.

దక్షిణమున 1928లో కనబడిన బీట కొంతకాలము పూడినను, పిదప మరల తెరచుకొనెను. పౌరహక్కుల విషయమున అలిగిన అలబామా, మిసిసిపీ, లూసియానా, దక్షిణ కరోలినా రాష్ట్రములు 1948లో మూడవ పక్షపు అభ్యర్థి థర్మండు వెంట నడచెను. 1964లో రిపబ్లికను అభ్యర్థి గోల్డ్‌వాటరు ఆ నాల్గింటిని, వానితో జార్జియాను, స్వరాష్ట్రమగు అరిజోనాను గెలిచి, తక్కినవన్నియు కోల్పోయెను. మిసిసిపీలో ఆయనకు నూటికి 87 ఓట్లు వచ్చెను. 1980 దశకమున ఉత్తరపు కార్మికులు పెక్కుమంది, ముఖ్యముగా మిషిగనులోని మకూంబు కౌంటీవారు, రిపబ్లికను రీగనుకు ఓటు వేసి ‘రీగన్ డెమొక్రాటు’లుగా ప్రసిద్ధికెక్కిరి. 2008, 2012లలో ఒబామాను గెలిపించిన మిషిగను, పెన్సిల్వేనియా, విస్కాన్సిను రాష్ట్రములు 2016లో ట్రంపును, 2020లో బైడెనును, 2024లో మరల ట్రంపును ఎన్నుకొనెను.