నొప్పి లేదని ఊరుకోవద్దు: క్యాన్సర్ తొలి గుర్తులు

ఒక్కరోజు పని మానేస్తే కూలి పోయే ఇంట్లో, నొప్పి పెట్టని చిన్న గడ్డ కోసం ఎవరూ ఆసుపత్రికి పోరు. క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు అలాగే, నొప్పి లేకుండా వస్తుంది. నొప్పి మొదలయ్యేసరికి తరచుగా అది ముదిరిపోయి ఉంటుంది. హైదరాబాద్-విజయవాడ హైవే మీదున్న చౌటుప్పల్‌లో ఫార్మా కంపెనీల కార్మికులు, లారీ డ్రైవర్లు, నేత పనివాళ్లు, రోజుకూలీల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ విషయం ముందుగా తెలియాల్సింది వాళ్లకే.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయి. ఆడవాళ్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు, మగవాళ్లలో నోటి క్యాన్సర్ ముందు వరుసలో ఉన్నాయి. ఈ మూడింటినీ తొలిదశలో కంటితో చూసి, చేత్తో తాకి అనుమానించవచ్చు. మొదటి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

నోరు

రెండు వారాలు దాటినా మానని పుండు, చెంప లోపల లేదా నాలుకపై తెల్లని, ఎర్రని మచ్చ, కారం తింటే భరించలేని మంట, మూడు వేళ్లు పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ. వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. గుట్కా, జర్దా, ఖైనీ అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పొగాకు లేకపోతే ఏం కాదనుకోవద్దు. ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

రొమ్ము

రొమ్ములో, చంకలో గడ్డ తగలడం, చర్మం లోపలికి గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం రావడం. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో, ఏది కాదో ఇంట్లో తేల్చలేం.

గర్భాశయ ముఖద్వారం

నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, నెలసరుల మధ్యలో లేదా కలయిక తర్వాత రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట. ‘వయసు మీద పడింది కదా, మామూలే’ అని అమ్మీలు, నానీలు దాచుకునేది ఎక్కువగా ఇదే.

ఇవి కాకుండా మూడు వారాలు దాటిన దగ్గు, మలమూత్రాల్లో రక్తం, మింగడానికి ఇబ్బంది, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా డాక్టరుకు చెప్పాల్సినవే.

ఆలస్యం ఎక్కడ?

ఖర్చు భయం ఒకటి, సిగ్గు ఇంకొకటి. మగ డాక్టరుకు చూపించుకోలేక ఆగిపోయే ఆడవాళ్లు ముందుగా ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పవచ్చు, లేడీ డాక్టర్ కావాలని అడగవచ్చు. ‘ముక్క తీసి పరీక్ష చేస్తే ముదురుతుంది’ అన్నది అపోహ. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, కలిసి తింటే రాదు. దువా చేసుకుంటూనే పరీక్షకు వెళ్లాలి. పసరు మందులతో, తాయెత్తులతో నెలలు గడిపితే నయమయ్యే దశ దాటిపోతుంది.

పేద బస్తీల్లో ఇది సాధ్యమేనని ముంబైలో రుజువైంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో అక్కడి మురికివాడల్లో సుమారు ఒకటిన్నర లక్షల మంది మహిళలతో అధ్యయనం మొదలుపెట్టింది. పదో తరగతి చదివిన మహిళలకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, వెనిగర్ లాంటి ద్రావణంతో ముఖద్వార పరీక్ష చేయించింది. కోత లేదు, నిమిషాల్లో ఫలితం. పరీక్షలు జరిగిన బస్తీల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడైంది.

ఎక్కడికి వెళ్లాలి?

జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, ముఖద్వార పరీక్షలు ఉచితంగా చేయాలి. లక్షణాలు లేకపోయినా ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. లక్షణం ఉంటే వయసు చూడకుండా వెంటనే వెళ్లాలి. చౌటుప్పల్‌వాళ్లు మొదట స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదలకు వైద్యం అందిస్తోంది. దానికి పేరు వచ్చింది మెహదీ నవాజ్ జంగ్ నుంచి. ఆయన తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారు.

ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. వెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట పెట్టుకోవాలి. గుర్తు ఎప్పుడు మొదలైందో తారీఖుతో సహా రాసుకుంటే డాక్టరుకు చెప్పడం తేలిక.

జుమా నమాజు తర్వాత ఒక ప్రకటన, ఆడవాళ్ల ఇజ్తెమాలో ఆశా కార్యకర్తతో పది నిమిషాల మాట. మొహల్లాకు ఈ సంగతి చేరడానికి ఇంత చాలు.