గుర్రం వెనకాల నడిచినవాళ్ళు

మన పిల్లలు ఫోన్‌లో ఆడే సుల్తానుల ఆటల్లో గుర్రం కొనడం చాలా ఆసాన్. ఇన్ని అష్రఫీలిస్తే గుర్రం, ఇంకొన్ని ఇస్తే జీను, లగాము. ఆ తర్వాత ఆ జానవర్‌కి ఆకలి లేదు, రోగం లేదు, చావు లేదు. మనం తారీఖ్ చెప్పుకునే తీరూ అలాగే ఉంది. "వాళ్ళు గుర్రాలెక్కి వచ్చారు" అని కొందరు మనల్ని వేలెత్తి చూపిస్తారు. "మన బుజుర్గులంతా షహ్‌సవార్లే" అని మనవాళ్ళు మీసం తిప్పుతారు. ఇద్దరి కళ్ళూ గుర్రం మీద కూర్చున్నవాడి మీదే. దాన్ని అమ్మినవాడు, నాల్ కొట్టినవాడు, దాణా పెట్టినవాడు ఎవరికీ ఆనడు.

ముందు సౌదా సంగతి చూద్దాం. దక్కన్ ఫౌజులకు మంచి జంగీ గుర్రాలు కావాలంటే సముద్రం మీదే రావాలి. అరబ్, ఇరానీ గుర్రాలు హుర్ముజ్ నుంచి ఓడల్లో పడమటి తీరానికి చేరేవి. అవి బహమనీ సుల్తాన్‌కీ కావాలి, విజయనగర రాయలకీ కావాలి. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఒక విషయం రాశాడు. సాళువ నరసింహరాయలు బతికున్నా చచ్చినా మూడు గుర్రాలకు వెయ్యి పర్దావ్‌ల లెక్కన కొనేవాడట. దారిలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికినదాని ఖరీదే ఇచ్చేవాడు. సౌదాగర్ మునిగిపోతే మళ్ళీ ఏడు ఓడ రాదు కదా! ఆ ఓడల్లో గుర్రాలు తెచ్చిన ముస్లిం సౌదాగర్లు కొనే రాజు ఏ మజ్హబ్ అని అడగలేదు. రాజూ అడగలేదు.

అలాంటి ఓడలోనే 1469 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యన్ ఒక్క గుర్రంతో వచ్చాడు. జున్నర్ చేరేసరికి దానికి వంద రూబుళ్ళు ఖర్చయింది. అక్కడి హాకిమ్ అసద్ ఖాన్ ఆ గుర్రాన్ని లాక్కున్నాడు. దీన్ మార్చుకుంటే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలిస్తానన్నాడు, నాలుగు రోజుల గడువు పెట్టాడు. ఇది జుల్మే, దాచాల్సిన పని లేదు. అయితే ఖురాసాన్ నుంచి వచ్చిన ఖ్వాజా ముహమ్మద్ అనే ముస్లిం వెళ్ళి సిఫారిష్ చేసి, దీన్ మార్చకుండానే గుర్రం తిరిగి ఇప్పించాడు. జుల్మ్ చేసినవాడూ మనవాడే, ఇన్సాఫ్ ఇప్పించినవాడూ మనవాడే. ఖిస్సా సగమే చెప్తే తారీఖ్ కాదు.

నికితిన్ ఆ గుర్రాన్ని ఏడాది మేపి బీదర్‌లో అమ్మాడు. మేపడానికే 68 ఫుతూన్‌లు ఖర్చయ్యాయని లెక్క రాసుకున్నాడు. ఇక్కడ గుర్రాలకు శనగలు పెడతారని, చక్కెర, వెన్న వేసి ఖిచిడీ వండి పెడతారని కూడా రాశాడు. బీదర్‌కు దగ్గర్లోని ఆళంద్‌లో షేఖ్ అలావుద్దీన్ పేరు మీద ఏటా పది రోజులు బజారు జరుగుతుందని, 20,000 గుర్రాల దాకా అమ్మకానికి వస్తాయని అన్నాడు. మనం జియారత్‌కి వెళ్ళే లాడ్లే మషాయిఖ్ దర్గా ఊరే అది.

గుర్రం కొనడం ఒకనాటి ఖర్చు. నిలబెట్టుకోవడం రోజూ ఖర్చు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని తెలుగువాళ్ళు ఊరికే అనలేదు. దానికి హునర్ కూడా కావాలి. పాండ్య రాజు ఏటా 2,000కు పైగా గుర్రాలు కొంటాడని, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవని మార్కో పోలో 13వ శతాబ్దపు సంగతి చెప్పాడు. కారణం? మేపడం తెలియదు, నాల్‌బంద్‌లు లేరు. పైగా గుర్రాలమ్మేవాళ్ళే నాల్‌బంద్‌లను అటు పోనివ్వరట. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ గిరాకీ!

ఆ పైన కూర్చున్న సవార్లు కూడా అందరూ ఒకటి కాదు. సొంత గుర్రం, సొంత హత్యార్లు తెచ్చుకున్నవాడు సిలాహ్‌దార్. సర్కారు గుర్రమో, ఇంకొకడి గుర్రమో ఎక్కినవాడు బార్‌గీర్. ఇద్దరి తన్‌ఖా వేరు, ఇజ్జత్ వేరు. జంగ్‌లో గుర్రం చస్తే సిలాహ్‌దార్ పూంజీ మొత్తం పోయినట్టే. బతికి ఇంటికొచ్చినా రోజీ పోయినట్టే.

ఇక ఒక్కో సవార్ వెనక సాయీస్, గడ్డి కోసేవాడు, జీను కుట్టేవాడు, నాల్‌బంద్. వీళ్ళ పేర్లు ఏ ఫర్మాన్‌లోనూ వెతకక్కర్లేదు. దక్కన్‌లో నాల్‌బంద్ ఇంటిపేరున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. జీను, సవారీ అనే మాటలు తెలుగులో ఎంత కలిసిపోయాయంటే, అవి ఫార్సీ నుంచి వచ్చాయని ఎవరికీ తోచదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకసారి పూఛ్‌తాఛ్ చేయండి, పర్‌దాదా ఏం పని చేసేవారని. "నవాబుగారి ఫౌజ్‌లో సవార్" అంటే మంచిదే. "గుర్రాలకు నాల్ కొట్టేవారు" అంటే తల దించుకోకండి. పిల్లలకు ఆ మాటే చెప్పండి. ఆయన చేతిలో సుత్తి లేకపోతే ఏ సుల్తాన్ గుర్రమూ, ఏ రాయల గుర్రమూ నాలుగు కోసులు నడిచేది కాదు.